వేళ్లు పట్టని గడ్డి

ఇది జూలై నాలుగో తారీకు వరద వచ్చిపోయిన మరుసటి వసంతంలో జరిగింది. మా వాళ్లు ఏళ్లను వరదలతోనే గుర్తుపెట్టుకుంటారు. నేను పంతొమ్మిది వందల పదమూడు వరద అయిన ఆరేళ్లకు పుట్టాను. నా పెళ్లి ముప్ఫయ్యేడు వరద దిగిన నెలకు అయింది. ఈ జూలై వరద మాత్రం ఒహాయోలో జనం స్వాతంత్ర్య దినం టపాకాయలు చూద్దామని గుట్టల మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్న రాత్రి వచ్చింది. తెల్లారి చూస్తే కాలేజీ కింద ఆటగాళ్లు సాధన చేసే మైదానం లేదు. అక్కడ మోకాలిలోతు బురద, దాంట్లో ఒక చచ్చిన ఆవు ఉన్నాయి.

నేను ఆ కాలేజీలో తోటపని చేసేవాణ్ణి. గడ్డి కోయడం, కొమ్మలు కత్తిరించడం, చలికాలం దారుల మీద మంచు ఎత్తిపోయడం. అంతకు ముందు వెస్ట్ వర్జీనియాలో బొగ్గు గనిలో ఉండేవాణ్ణి. గని మూతపడ్డాక నేనూ నా భార్య డెల్ఫియా పిల్లవాణ్ణి తీసుకుని ఇటు వచ్చాం. మూడో తరగతితో బడి మానినవాడు కాలేజీలో తేలాడని మా బావమరిది చాలా ఏళ్లు నవ్వాడు.

బురద ఎత్తడానికి మాకు మంచు పడేదాకా పట్టింది. ఏప్రిల్‌లో నేల మెత్తబడగానే దున్ని, చదును చేసి, విత్తనం చల్లాం. విత్తనం వేసిన నేలకు మూడు వారాలు కాలు తగలకూడదు. అది నేను పెట్టిన నియమం కాదు, గడ్డి పెట్టుకున్న నియమం. మైదానానికి ఒక పక్క గుట్ట, మిగతా మూడు పక్కలా ఆరడుగుల ఇనుప వల కంచె. రోడ్డు వైపు గేటు. ఆ గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాను. నా సామాన్లన్నిటికీ నీలం రంగు చుక్క పెట్టుకోవడం నాకు గని నాటి అలవాటు. పార, రంపం, అన్నం డబ్బా. తాళానికీ పెట్టాను.

ఇక రోండల్ సంగతి. వాడు మాకు ఒక్కడే. అప్పటికి ఇరవై ఏళ్లు. టైర్ల ఫ్యాక్టరీలో పని. ఆ డిసెంబరులో టీవీలో పుట్టినరోజులు రాసిన చీటీలు గాజు పాత్రలోంచి తీశారు. ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లు ముందు వియత్నాం యుద్ధానికి పోవాలి. వాడిది ఇరవయ్యో చీటీకే వచ్చింది. డెల్ఫియా లేచి టీవీ ఆపేసింది. మా వీధి చివర ఇంటి కుర్రాడు అంతకు నెల ముందే పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ పెట్టె తెరవద్దని తల్లితో చెప్పారు.

"ఏమయ్యా, నువ్వు శనివారాలు గడ్డి కోస్తావే, ఆ లాయరు నేషనల్ గార్డ్‌లో ఆఫీసరు కాదూ?" అంది డెల్ఫియా.

"అయితే?"

"అయితే ఏంటి. గార్డ్ అంటే మన రాష్ట్రం సైన్యం, అందులో చేరినవాళ్లని అక్కడికి పంపటంలేదు. వెళ్లి అడుగు."

"నేను ఒకళ్లని అడగను. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఇన్నేళ్లూ నీతో ఏదీ అడిగించలేదు. ఇది అడుగు."

టోపీ చేతిలో పట్టుకుని వెళ్లి అడిగాను. ఆయన నా బూట్లకేసి చూసి, తివాచీకేసి చూసి, సరే చూద్దామన్నాడు. రోండల్ పేరు గార్డ్ జాబితాలో పైకెక్కింది. చలికాలమంతా ఎక్కడో దక్షిణాన శిక్షణ అయి, ఏప్రిల్‌కి ఇంటికొచ్చాడు. ఇక నెలలో రెండు రోజులు కవాతు, వేసవిలో రెండు వారాలు. మిగతా రోజులన్నీ మా బల్ల దగ్గర అన్నం తింటాడు. డెల్ఫియా ఆ నెలలో పాటలు పాడింది. ఆమె పాడగా నేను విని చాలా కాలమైంది.

ఆ ఏప్రిల్‌లోనే మిలెనా జుపాన్ నాకు తెలిసింది. క్లీవ్‌లాండ్ పిల్ల. తండ్రి ఉక్కు మిల్లులో పని. చెట్ల చదువు చదివేది. ప్రొఫెసర్లు చెప్పింది సరో కాదో చూసుకోవడానికి మా షెడ్డుకు వచ్చేది. ఏ చెట్టు ఎప్పుడు నాటామో, దేనికి ఏ తెగులు వచ్చిందో అడిగి పుస్తకంలో రాసుకునేది. కాలేజీలో వేలమంది పిల్లలుంటే గడ్డి తొక్కకుండా అంచు వెంట నడిచేది ఆమె ఒక్కతే.

"పెద్దాయనా, ఈరోజు ఎన్ని మాటలైనాయి?" అని అడిగేది వస్తూనే.

"నీతో రెండు."

"నిన్న మూడు. ఒంట్లో బాగాలేదా?"

మా మేస్త్రీ ఓటిస్ పడిపడి నవ్వేవాడు. ఒక సోమవారం ఆమె గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"ఏం చచ్చింది మీ జేబులో?"

"ఉల్లికాడలు తిన్నాడమ్మా," అన్నాడు ఓటిస్. "వీళ్ల కొండజాతి అంతా ఏప్రిల్ వస్తే ఇంతే. బుధవారం దాకా వీడికి గాలి ఎటు తోలుతుందో చూసుకుని నిలబడాలి నేను."

మా కొండల్లో మంచు కరగ్గానే నేల పొడుచుకు వచ్చే అడవి ఉల్లి అది. తిన్నవాడి చెమటలోంచి మూడు రోజులు వాసన పోదు. చిన్నప్పుడు అది తిని బడికి పోతే పంతులమ్మ ఇంటికి పంపేసేది. నేను మూడేళ్లే చదవడానికి అదీ ఒక కారణం. ఇంట్లో ఒకళ్లు తింటే అందరూ తినాలని మా పద్ధతి. లేకపోతే కాపరాలు నిలవవు.

"నాకూ కావాలి," అంది మిలెనా.

"నీకు పడదు."

"పెద్దాయనా, మా అమ్మ పులిసిన క్యాబేజీ పెట్టే గదిలో పడుకుని పెరిగాను నేను. మీ ఉల్లికి భయపడతానా?"

ఆదివారం మా ఇంటికొచ్చింది. రోండల్ ఆ ఆదివారం కవాతుకు పోయాడు. డెల్ఫియా పందికొవ్వులో ఉల్లికాడలు, బంగాళాదుంపలు వేయించి, పైన గుడ్లు కొట్టి పెట్టింది. ఆ పిల్ల మూడుసార్లు వడ్డించుకుంది. గోడ మీద యూనిఫాంలో ఉన్న రోండల్ ఫోటో చూసి, "మీ అబ్బాయా? చెవులు మీవే," అంది నాతో. తర్వాత తన అన్న వియత్నాంలో ఉన్నాడని చెప్పింది. ఆరు వారాలుగా ఉత్తరం లేదట.

"అందుకేనా కాలేజీలో యుద్ధం వద్దని మీ అరుపులు?" అంది డెల్ఫియా.

"అందుకే. మా అన్న తిరిగి రావాలి. అంతే. అరిస్తే వస్తాడని కాదు. అరవకుండా ఊరుకోలేక."

"మా వాడికి మాత్రం మా ఆయన దారి చూశాడు తల్లీ. దేవుడి దయ."

మిలెనా ఫోర్కు కింద పెట్టింది. "మంచిదమ్మా. మా నాన్నకి ఏ లాయరూ తెలీదు," అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే అంది. డెల్ఫియాకు ముఖం ఎర్రబడింది. మిలెనా వెంటనే లేచి గిన్నెలు కడగడానికి వెళ్లి, డెల్ఫియా వద్దంటున్నా కడిగింది. వెళ్లేటప్పుడు డెల్ఫియా ఆమెకు ఒక కట్ట ఉల్లికాడలు కాగితంలో చుట్టి ఇచ్చింది. రెండు రోజులు తన గదిలోవాళ్లు తనని వరండాలో పడుకోబెట్టారని బుధవారం వచ్చి చెప్పింది.

ఏప్రిల్ ఆఖరి రోజు రాత్రి అధ్యక్షుడు టీవీలో పటం పెట్టుకుని, యుద్ధం పక్క దేశంలోకి కూడా పోతుందని చెప్పాడు. శుక్రవారం ఊళ్లో దుకాణాల అద్దాలు పగిలాయి. శనివారం కాలేజీలో సైనిక శిక్షణ ఇచ్చే పాత చెక్క భవనం తగలబడింది. ఆదివారం పొద్దున నేను పనికి వెళ్లేసరికి కాలేజీ ముందు నా పాత గడ్డి మీద సైనిక లారీలు నిలబడి ఉన్నాయి.

రోండల్ అప్పటికి వారం రోజులుగా ఇంట్లో లేడు. లారీ డ్రైవర్ల సమ్మె జరుగుతుంటే గార్డ్‌ను రహదారి వంతెనల మీద కాపలా పెట్టారు. అక్కణ్నుంచి అటే తీసుకొచ్చి మా కాలేజీలో దింపారు. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాడట.

"నాన్న పనిచేసే చోటే ఉన్నామమ్మా," అన్నాడట. "గడ్డి మీద పడుకోకండిరా, మా నాన్న చంపేస్తాడని అందరికీ చెప్పాను."

డెల్ఫియా నాకు చెబుతూ నవ్వింది. "ఇంటికి ఇంత దగ్గర్లో ఉన్నాడు. ఇక భయమేంటి?" అంది.

నాకూ అలాగే అనిపించింది. ఎక్కడో అడవిలో కాదు. నేను నాటిన చెట్ల కింద.

ఆ సాయంత్రం మిలెనా లారీల దగ్గర సైనికులతో మాట్లాడుతూ కనబడింది. ఒక కుర్రాడు ఆమె చెప్పినదానికి నవ్వుతున్నాడు. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది.

"మీ అబ్బాయి వీళ్లలో ఉన్నాడా?"

"ఉన్నాడంట. కనబడలేదు."

"పేరేంటి? వెళ్లి పలకరిస్తాను. మీ నాన్న రోజుకి మూడు మాటలు మాట్లాడతాడు, నాలుగోది నువ్వు నేర్పమని చెబుతాను."

"వద్దు," అన్నాను.

ఎందుకు వద్దన్నానో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. వాడు ఆడపిల్లల దగ్గర సిగ్గుపడతాడు. పక్కవాళ్లు ఏడిపిస్తారనుకున్నాను. అంతే అయ్యుంటుంది. ఆమె భుజాలు ఎగరేసి వెళ్లిపోయింది.

సోమవారం మే నాలుగు. ఎండ బాగా కాసింది. కాలేజీలో క్లాసులు జరుగుతూనే ఉన్నాయి. పన్నెండు కావస్తుండగా గుట్ట అవతల గంట మోగడం వినబడింది. పిల్లలు సభకు చేరినప్పుడు ఆ గంట కొట్టేవాళ్లు. నేనూ ఓటిస్సూ మైదానం పక్కన షెడ్డు ముందు కూర్చుని అన్నం డబ్బాలు తెరిచాం. మైక్‌లో ఎవరో చెదిరిపొమ్మంటున్నారు. తర్వాత పొగ గుళ్లు పేలిన చప్పుడు. పొగ గుట్ట మీదుగా మా వైపు కొంచెం వచ్చింది. ఓటిస్ కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి పిల్లలు గుట్ట మీదుగా చెల్లాచెదురుగా పరిగెత్తారు. వాళ్ల వెనక సైనికులు వరసగా వచ్చారు. డెబ్బై మంది ఉంటారు. మొహాలకు పొగ తొడుగులు, చేతుల్లో కత్తులు గుచ్చిన తుపాకులు. గుట్ట దిగి నేరుగా నా మైదానంలోకి వచ్చారు.

మొలక అప్పుడే వేలెడు లేచింది. పొద్దున నేను వంగి చూస్తే నేలంతా పచ్చగా ఉంది, నిలబడి చూస్తే ఇంకా మట్టే. ఇంకో వారం ఆగితే వేళ్లు పట్టేది.

వాళ్లు మైదానం దాటి కంచె దాకా వచ్చి ఆగిపోయారు. అటు నుంచి రోడ్డు మీదికి పోదామనుకున్నట్టున్నారు. గేటుకు తాళం ఉంది. వెనక గుట్ట మీద, పక్కన కార్లు నిలిపే స్థలంలో పిల్లలు గుంపులుగా చేరి అరుస్తున్నారు. కొందరు రాళ్లు విసిరారు. చాలావరకు చేరలేదు. సైనికులు కొందరు మోకాళ్ల మీద కూర్చుని తుపాకులు ఎక్కుపెట్టారు. ఆఫీసర్లు ఒకచోట చేరి చేతులు ఊపుకుంటున్నారు.

ఒక సైనికుడు వరసలోంచి గేటు దగ్గరికి వెళ్లి గొలుసు లాగాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తిప్పి చూశాడు. తొడుగులో మొహం కనబడదు. కాని ఎడమ భుజం కొంచెం దించి నిలబడేవాణ్ణి నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. వాడు తాళం వదిలేసి షెడ్డు వైపు తలతిప్పాడు.

"ఆర్లీ," అన్నాడు ఓటిస్. "గేటు."

తాళాల గుత్తి నా నడుముకే ఉంది. షెడ్డు నుంచి గేటుకు నూటయాభై అడుగులుండదు. లేచి నాలుగడుగులు వేశాను. అప్పుడు నా కళ్లు వాళ్ల బూట్ల మీద పడ్డాయి. ఎక్కడ నిలబడితే అక్కడ మడమతో నేల తవ్వుతున్నారు. మొలకతో సహా మట్టి పెళ్లలు లేస్తున్నాయి. పోయిన జూలై నుంచి చేసిన పని. నాకు కోపం వచ్చింది. గేటు తీస్తే ఈ డెబ్బై మందీ మిగిలిన మూల కూడా తొక్కుకుంటూ పోతారు. వచ్చిన దారినే పోనీ, అనుకున్నాను.

చెయ్యి తాళాల గుత్తి మీద పెట్టుకుని నిలబడ్డాను. ఒక సిగరెట్టు చుట్టేంత సేపు.

వాళ్లు వెనక్కి తిరిగారు. వచ్చిన దారినే గుట్ట ఎక్కారు. రోండల్ వరసలో ఎక్కడో కలిసిపోయాడు. హమ్మయ్య, పోతున్నారన్నాడు ఓటిస్. నేను వంగి మట్టి పెళ్ల ఒకటి తీసి తిరిగి గుంటలో పెట్టి అరచేత్తో అదిమాను. అప్పుడు గుట్ట మీంచి తుపాకులు పేలాయి.

ఉత్త తూటాలే అయ్యుంటాయనుకున్నాం. గుళ్లు పెట్టుకుని కాలేజీకి ఎవరు వస్తారు? అరుపులు మారేదాకా అలాగే అనుకున్నాం.

నేను గుట్ట చుట్టూ తిరిగి కార్లు నిలిపే స్థలానికి వెళ్లాను. ఒక పిల్లవాడు కారు చక్రం పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఇంకొకణ్ణి నలుగురు మోస్తున్నారు. మిలెనా సిమెంటు దారి మీద పడి ఉంది. చంకలో పుస్తకాలు అలాగే ఉన్నాయి. ఆమె సభకు వచ్చిందో, క్లాసుకు పోతోందో నాకు తెలియదు. ఒక అమ్మాయి ఆమె మెడ పట్టుకుని కూర్చుని ఎవరినో పిలుస్తోంది. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. మిలెనా కళ్లు తెరిచే ఉన్నాయి. నా కోటు తీసి కప్పాను. అంబులెన్సు వచ్చి కోటుతో సహా తీసుకుపోయింది.

ఆ సాయంత్రానికి కాలేజీ ఖాళీ చేయించారు. ఊరంతా కాపలా పెట్టారు. ఫోన్లు పనిచేయలేదు. నేను ఇల్లు చేరేసరికి డెల్ఫియా మెట్ల మీద నిలబడి ఉంది. ఊళ్లో సైనికులు కూడా చచ్చిపోయారని పుకారు.

"రోండల్?"

"బాగానే ఉన్నాడు. కాల్పులయ్యాక లారీ ఎక్కుతుంటే చూశాను."

ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కోటేది?"

"ఒకమ్మాయి మీద కప్పాను."

"ఏ అమ్మాయి?"

"ఆరోజు గిన్నెలు కడిగిన పిల్ల," అన్నాను.

డెల్ఫియా మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. గౌను అంచుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది, అవి తడిగా లేకపోయినా. చీకటి పడబోతుండగా ఒక్క మాట అంది.

"వాడికి చెప్పకు. వాడు కాల్చినా కాల్చకపోయినా, చెప్పకు. మనం వాణ్ణి బతికించుకున్నాం. అది చాలు."

రోండల్ శుక్రవారం వచ్చాడు. సాయంత్రం నాలుగింటికి లారీ వీధి మొదట్లో దింపింది. సంచీ వరండాలో పెట్టి, బూట్లు విప్పి, స్నానానికి పోయి గంట దాకా రాలేదు. డెల్ఫియా వాడికి ఇష్టమని చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె చేసింది. వాడు రొట్టె మజ్జిగలో తుంచి వేసుకుని చెంచాతో కలుపుతూ కూర్చున్నాడు. తినలేదు.

"తినరా, చిక్కిపోయావు," అంది డెల్ఫియా.

"అక్కడ బాగానే పెట్టారమ్మా."

నేను ఉప్పు అందుకున్నాను. అవసరం లేదు, అయినా అందుకున్నాను.

"నేను గాల్లోకి కాల్చాను నాన్నా," అన్నాడు రోండల్.

నేను తలాడించాను.

"అందరూ కాలుస్తున్నారు. ఎవరు ముందు కాల్చారో తెలీదు. తొడుగులో ఏం కనబడదు, ఊపిరాడదు. గాల్లోకే కాల్చాను." చెంచా మజ్జిగలో తిప్పాడు. "అనుకుంటా."

డెల్ఫియా లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడింది.

"చచ్చిపోయిన ముగ్గురిలో నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా నాన్నా?"

వాడు నా కళ్లలోకి చూసి అడిగాడు. చిన్నప్పుడు కుక్కపిల్ల కనబడకపోతే ఇలాగే అడిగాడు. అప్పుడు నేను దాన్ని రోడ్డు పక్కన పూడ్చి వచ్చాను. పారిపోయుంటుందిలే అన్నాను.

"లేరు," అన్నాను.

వాడు ఊపిరి వదిలాడు. చెంచా తీసుకుని ఆ రొట్టె మొత్తం తిన్నాడు. గేటు సంగతి వాడెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున మేము ముగ్గురం కాఫీ తాగుతుంటే పక్కింటి హోబర్ట్ తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో భార్య చేసిచ్చిన పళ్లు కూరిన తీపి రొట్టె ఉంది. గుడ్డ కప్పి ఇంకా పొగలు కక్కుతోంది.

"ఏడిరా మా వీరుడు!" అన్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి రోండల్ వీపు మీద చరిచాడు. "ఐవా నీకోసమని పొద్దున్నే లేచి చేసింది. ఊళ్లో మంగలి మీ వాళ్లందరికీ ఊరికే కటింగ్ చేస్తానంటున్నాడు, తెలుసా? ఆ జులపాల మంద అతని షాపుకి ఎలాగూ రాదాయె!"

డెల్ఫియా, "కూర్చో హోబర్ట్," అంది మెల్లగా.

"లేదమ్మా, పనుంది. ఒక్కటే అడుగుతా. ముగ్గురేంట్రా? అంతమంది ఉండి ముగ్గురేనా? నన్నడిగితే ముప్ఫై మందిని వేయాల్సింది. అయినా పర్లేదు, బుద్ధొచ్చింది. మీరు చేసింది నూటికి నూరుపాళ్లు రైటు. ఎవడేమన్నా పట్టించుకోకు."

రోండల్ తల వంచుకుని ఉన్నాడు. నేను వాడి మొహమే చూస్తున్నాను. మెల్లగా వాడి భుజాలు దిగాయి. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. చలికి వణికేవాడికి దుప్పటి ఇస్తే లాక్కుని కప్పుకుంటాడు చూడండి, ఆ మాటని అలా కప్పుకున్నాడు.

సోమవారం కూడా నాకు అంత భయం వేయలేదు.

"థాంక్స్ హోబర్ట్," అన్నాడు రోండల్.

నేను లేచి ఆ తీపి రొట్టె తీసి హోబర్ట్ చేతిలో పెట్టాను.

"తీసుకుపో."

"ఏం ఆర్లీ, తీపి పడటంలేదా?"

"తీసుకుపో."

అతను నన్నూ డెల్ఫియానూ మార్చి మార్చి చూశాడు. రొట్టె పట్టుకుని వెళ్లిపోయాడు. తలుపు వేసి వచ్చి నా చోట కూర్చున్నాను. డెల్ఫియాకు అర్థమైంది.

"ఏమయ్యా. వద్దయ్యా," అంది.

"రోండల్," అన్నాను. "నిన్న నీతో అబద్ధం చెప్పాను."

వాడి మొహంలో ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"చచ్చిపోయినవాళ్లలో ఒకమ్మాయి నాకు తెలుసు. మీ అమ్మకీ తెలుసు. పేరు మిలెనా. నువ్వు కవాతుకి పోయిన ఆదివారం మనింటికొచ్చింది. ఇప్పుడు నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని అన్నం తింది."

రోండల్ ఒక్కసారిగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. గోడకు ఆనుకుని నిలబడి ఆ కుర్చీకేసి చూస్తున్నాడు.

"ఎందుకు చెప్పావు?" అన్నాడు. "ఎందుకు చెప్పావు నాకు?"

"గేటు దగ్గర నిన్ను చూశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. గడ్డి పాడవుతుందని తీయలేదు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ముందు అది నువ్వు తెలుసుకోవాలి. తీసుంటే మీరు రోడ్డు మీదికి పోయేవాళ్లు."

వాడు మోచేత్తో మొహం కప్పుకున్నాడు. డెల్ఫియా వంగి కుర్చీ లేపి, బల్ల దగ్గరికి జరిపి, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"కూర్చో నాన్నా," అంది.

వాడు వచ్చి కూర్చున్నాడు. అంచు మీద కూర్చున్నాడు, ఎవరిదో కుర్చీ అయినట్టు. కాఫీ కప్పులో చల్లారిపోయింది. బయట హోబర్ట్ భార్యతో గట్టిగా ఏదో చెబుతున్నాడు. రోండల్ నా వైపు చూడకుండా, బల్ల మీది గీతకేసి చూస్తూ అడిగాడు.

"ఎలా ఉండేది?"

చెప్పాను.